చడీచప్పుడూ లేని ఫ్యాను

ఏప్రిల్ 13, 2024

రంజాన్ అయిపోయింది. నెలంతా తెల్లవార్లూ మెలకువగా ఉన్న గల్లీ, ఈద్ దాటిందో లేదో, పదింటికల్లా షట్టర్లు దించేస్తోంది. శాలిబండ వైపు హారన్లు లేవు, సహరీకి లేపే కేకలు లేవు. ఆ సందడి ఆగేసరికి నడిమింట్లో ఫ్యాను ఎంత మోత చేస్తోందో తెలిసింది. ఒక టక్కు, దాని కింద ఆగకుండా ఒక గుయ్. చీకట్లోంచి అత్తమ్మ, "గా టక్కుటక్కు ఏందే?" అంది. పక్క గదిలో చిన్నోడు ఈఏపీసెట్‌కు చదువుతూ చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

ఈ ఫ్యాను అత్తమ్మది. మామ కొన్నది. మార్చేద్దామంటే ఊరుకోదు.

ఏప్రిల్ 14

చిన్నోడి ఉపాయం. ఫ్యాను ఐదులో పెట్టి, ఉన్నట్టుండి స్విచ్చి కట్టేశాడు. రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి గానీ, గుయ్‌మనే మోత ఆ క్షణమే పోయింది. టక్కు మాత్రం రెక్కలు నెమ్మదించేదాకా వినిపించింది. అంటే రెండూ వేరు వేరు రోగాలు. కరెంటుతో పోయింది కరెంటుది, రెక్కలతో ఆగింది ఇనుముది. ఫిజిక్సు పుస్తకం నా కళ్ల ముందు ఇంటికి పనికిరావడం ఇదే మొదలు.

దిండుగలీబు పట్టుకుని స్టూలెక్కాను. రెక్కకు గలీబు తొడిగి లోపలి నుంచి ఒత్తి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద రాలదు. గాలిని కోసే ముందంచు మీదే పేరుకుంది, నల్లగా, జిడ్డుగా. వెనకంచు దాదాపు శుభ్రం. గల్లీలో ఆటోల పొగ, మా వంటింటి పోపు, రెండూ కలిసిన జిడ్డు అది. తడిగుడ్డ రెక్కల వరకే. మోటారు డబ్బాకు పొడిగుడ్డే.

స్టూలు మీద నుంచి దూలం దగ్గరగా కనిపించింది. టేకు దూలం, దానికి రెండు ఇనుప కడియాలు. ఫ్యాను కొక్కెం వేరే. ఈ కడియాలు కరెంటు రాకముందు గుడ్డ పంఖా వేలాడదీసినవని మామ చెప్పేవారు. తాడు గోడలో రంధ్రం గుండా వసారాలోకి పోయేదట, అక్కడ కూర్చుని ఒకడు లాగేవాడట. లాగేవాడికి మాత్రం గాలి లేదు. నిజాం సర్కారు 1910లో కరెంటు శాఖ పెట్టింది, 1920లో హుసేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే పవర్ హౌస్ వచ్చింది. ఆ తీగ ఈ గల్లీలోకి ఏ ఏడు తిరిగిందో గానీ, రంధ్రాన్ని మాత్రం ఇప్పటికీ ఎవరూ పూడ్చలేదు. అందులో బల్లి కాపురం.

ఏప్రిల్ 16

బీరువా మీద స్కేలు ఆనించి, ఫ్యానును చేత్తో తిప్పుతూ ఒక్కో రెక్క కొస దాని ముందుకు తెచ్చాం. రెండు రెక్కలు ఒకే ఎత్తులో ఉన్నాయి. మూడోది వేలెడు కిందికి దిగింది. స్క్రూలు బిగిస్తే వేలెడు కాస్తా అరవేలైంది. ఫ్యాను ఊగడం తగ్గింది గానీ పోలేదు.

ఏప్రిల్ 19

అలియాబాద్ దారిలో ఫ్యాన్ల వైండింగ్ చేసే భాయ్ ఇవాళ్టికి దొరికాడు. పండగ తరవాత ఇప్పుడిప్పుడే దుకాణం తెరిచాడు. ఇంటికొచ్చి మెయిన్ కట్టేయించి, కొక్కెం దగ్గర బోల్టుకుండే పిన్ను ముందు చూశాడు. అది ఉందని తేలాకే మిగతా మాట. పిన్ను లేని ఫ్యాను కింద తను పడుకోడట.

ఫ్యాను దింపి రెక్కలు ఊడదీశాడు. చేతుల్లో రెండు రెక్కలు పట్టుకుని కాసేపు తూచినట్టు ఊపాడు. ఏమనుకున్నాడో, మూడింటినీ పట్టుకుని ఎదురుగా కిరాణా కొట్టుకు వెళ్లి, పప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక్కొక్కటే పెట్టాడు. కొట్టువాడు నవ్వాడు. రెండు రెక్కలు సరిసమానం. మూడోది 30 గ్రాములు ఎక్కువ. "యే ఇస్కా నై భాభీ," అన్నాడు. ఈ ఫ్యానుది కాదు!

దసరాకు సున్నాలు వేసినవాళ్లు రెండు ఫ్యాన్లవీ రెక్కలు విప్పి ఒకే మూల పెట్టారు. హాల్లో ఫ్యాను రెక్క ఒకటి దీనికీ, దీనిది దానికీ వెళ్లాయి. కంపెనీలో మూడు రెక్కలను బరువు కుదిర్చి జతగా కడతారట. జత చెదిరితే ఎంత బిగించినా ఊగుతుంది. ఊగినప్పుడల్లా పైనున్న గిన్నె కొక్కేనికి కొట్టుకునేది. అత్తమ్మ టక్కు అదే. ఆర్నెల్లుగా హాల్లో ఫ్యాను ఎందుకు వణుకుతోందో కూడా తేలిపోయింది.

తరవాత బేరింగులు. ఇరుసును వేళ్లతో తిప్పి నన్నూ తిప్పమన్నాడు. లోపల ఇసుక నలిగినట్టు తగిలింది. గ్రీజు ఎండి బెల్లంపాకంలా ముద్దకట్టింది. పాతది పుల్లరుతో లాగాడు, సుత్తి ముట్టుకోలేదు. కొత్తది 6202 నంబరు: లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 35. ట్రూప్ బజార్ నుంచి తెచ్చి పెట్టుకున్నవి. డూప్లికేట్లు బోలెడు, పొట్లం చూసి మోసపోవద్దన్నాడు. ఎక్కించేటప్పుడు ఇనుప గొట్టం ముక్కను లోపలి వలయం మీదే ఆనించి కొట్టాడు. బయటి వలయం మీద దెబ్బ పడితే గుండ్లు తిరిగే గాడిలో సొట్టలు పడి, కొత్త బేరింగే మొదటి రోజు నుంచి గరగరలాడుతుందట. కండెన్సర్ కూడా మార్చాడు, 2.5 మైక్రోఫారడ్‌ది. పాతది నీరసపడి ఫ్యాను స్పీడు తగ్గిందని, మాకు అలవాటై తెలియలేదని అన్నాడు.

గుయ్ ఒక్కటి మిగిలింది. దానికి ఫ్యాను వైపు చూడనే లేదు, గోడ వైపు చూశాడు. "పంఖా అచ్ఛాచ్ హై. రెగులేటర్ రో రా." ఏడుస్తున్నది రెగ్యులేటరట.

ఏప్రిల్ 22

రెగ్యులేటర్ మారింది. మామూలుగా తిప్పితే ఎక్కడైనా ఆగే డిమ్మరు రకం మా పాతది. అది కరెంటు అలను ముక్కలు చేసి పంపుతుందట. అసలే మన కరెంటు సెకనుకు 50 ఆవర్తాలు. ఒక్కో ఆవర్తంలో మోటారులోని ఇనుప రేకులు రెండుసార్లు బిగుసుకుని వదులవుతాయి, అంటే సెకనుకు 100 వణుకులు. ముక్కలైన అల వెళితే ఆ వణుకు పెరిగి మన చెవిన పడుతుంది. కొత్తది మెట్ల రకం, లోపల కండెన్సర్లతో స్పీడు తగ్గిస్తుంది, అల తెగదు. మా పుట్టింట్లో నల్ల బేకలైట్ డబ్బా రెగ్యులేటర్ ఉండేది, ముట్టుకుంటే కాలేది. స్పీడు తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడి కింద తగలేసేది. కానీ చప్పుడు చేసేది కాదు, నిజమే చెప్పాలి.

మే 4

ఎండ. రాత్రి కూడా గోడలు సెగ కక్కుతున్నాయి. సాయంత్రం కూలర్లన్నీ ఒక్కసారి మొదలయ్యేసరికి వోల్టేజి పడిపోయి ఫ్యాను నీరసంగా తిరిగింది.

మే 19

మా ఆయన హాల్లోకి కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను పట్టుకొచ్చారు. మామూలు ఫ్యానుకు దాదాపు రెట్టింపు ధర. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి కదా, దీని మీద అయిదు చుక్కలూ ఉన్నాయి. మోటారులో అయస్కాంతాలు, వాటిని నడిపించేందుకు చిన్న సర్క్యూట్ బోర్డు. పాతది 75 వాట్లు తింటే ఇది 30. రోజుకు 16 గంటలనుకుంటే నెలకు 21 యూనిట్ల పైన మిగులు. వోల్టేజి తగ్గినా స్పీడు తగ్గదు, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు వస్తుంది. గోడ రెగ్యులేటర్ తీసేయాలి, రిమోట్‌తోనే అంతా. నిజంగానే వినబడదు.

వైండింగ్ భాయ్ వచ్చి తలెత్తి చూసి మెచ్చుకున్నాడు. బోర్డు పోతే మాత్రం తన దగ్గరికి తేవద్దన్నాడు. రాగితీగ తెగితే చుట్టగలడు, బోర్డు కాలితే కంపెనీ వాళ్లే దిక్కు. నాకూ అదే బెంగ. గ్యారంటీ ఉన్నన్నాళ్లు సరే.

జూన్ 11

కుట్టు మిషను దగ్గర కూర్చుని చిన్నోడు చెప్పిన సంగతి: 1880ల్లో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఆయన కుట్టు మిషను మోటారునే పైకప్పుకు వేలాడదీసి సీలింగ్ ఫ్యాను చేశాడట. అత్తమ్మ నమ్మలేదు.

జులై 29

నిన్న లాల్‌దర్వాజా బోనాలు. పోతరాజుల డప్పులూ మైకులూ కలిసి ఇల్లే అదిరింది. నిన్నటి దుమ్మంతా రెక్కల ముందంచు మీదకు ఎక్కింది, గలీబు తీయాలి.

ఇంటికొచ్చిన ఆడబిడ్డ, అమ్మ గదిలో కూడా బీఎల్‌డీసీ పెట్టండి, డబ్బు నేనిస్తానంది. అత్తమ్మ ఒప్పుకోలేదు. "గా రిమోటు యాడ వెట్టిన్నో రాత్రిపూట ఎవడు దేవులాడాలె? దీని వైండింగు కాలినప్పుడు జూద్దాంలే," అంది. సాయంత్రం అలియాబాద్ దారిలో పోతూ, రాగితీగతో మళ్లీ చుట్టిస్తే ఎంతవుతుందో భాయ్‌ని అడిగొచ్చాను. సీజను కాదు కాబట్టి ఇప్పుడైతే తక్కువకే చేస్తానన్నాడు. కాలకుండానే ఎందుకు చుట్టించడమని మా ఆయన. బేరం అక్కడే ఆగింది.