తూకం ఎవరి చేతిలో: హోసూరు నుంచి పోచంపల్లి దాకా

బెంగళూరు నుంచి దక్షిణంగా దిగే 44వ నంబరు జాతీయ రహదారి అత్తిబెలె దగ్గర కర్ణాటక ఎల్లను విడిచి, జూజువాడి దగ్గర తమిళనాట అడుగుపెడుతుంది. అక్కడికి కొద్ది దూరంలోనే, సముద్రమట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తున, చంద్రచూడేశ్వరుని కొండ చుట్టూ అల్లుకున్న హోసూరు పట్టణం ఎదురవుతుంది. 2004లో ధర్మపురి జిల్లా నుంచి విడివడి ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలో ఇదే పెద్ద ఊరు. మొరసునాడుగా పేరున్న ఈ సీమలో తెలుగు, కన్నడం, తమిళం ఒకే వీధిలో వినబడతాయి కనుక, ఒక భాషలో మొదలైన బేరం మరొక భాషలో తెగడం ఇక్కడ వింత కాదు.

చిల్లర వర్తకంలో, అంటే సరుకు చివరి వాడకందారు చేతికి చేరే మజిలీలో, వచ్చిన కొత్త పోకడలను గురించి రాసేవారు సాధారణంగా పారిస్, టోక్యో, సియాటిల్ నగరాల వైపు చూస్తారు. కొనుగోలుదారు అనుభవం అనే మాట ఈ మధ్య అంగడిలోని వెలుగులకూ, పరిమళాలకూ, మెత్తని సోఫాలకూ పర్యాయపదంగా మారింది గాని, దాని అసలు పరిధి ఇంతకన్నా విశాలం; కొనేవాడు గడప తొక్కిన క్షణం నుంచి, కొన్న వస్తువు చెడిపోయి తిరిగి వచ్చే రోజు వరకూ అతనికి ఎదురయ్యేదంతా అందులోకి వస్తుంది. హోసూరు నుంచి పోచంపల్లి దాకా, వంద కిలోమీటర్లకు మించని దారిలో, ఈ విశాలమైన అర్థానికి తగిన ప్రయోగాలు కొన్ని వరుసగా కనబడతాయి. తమకు తెలియని సరుకును కొనేవారు ఏ ఆధారంతో నమ్మాలి అన్న ఒక్క ప్రశ్నకే అవన్నీ తలొక రకంగా జవాబు చెబుతాయి.

వాటిలో అతి సాదాసీదాగా కనిపించేది హోసూరు ఉళవర్ సందై, అంటే రైతుల సంత. తెల్లవారకముందే చుట్టుపక్కల పల్లెల నుంచి కొత్తిమీర, టమాటా, బీన్సు, క్యారెట్టు, ఆకుకూరలు ఇక్కడికి చేరతాయి. పంజాబులో 1987లో మొదలైన అప్నీ మండీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో వచ్చిన రైతుబజారు చూపిన బాటలో, తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది నవంబరు 14న మదురైలో తన మొదటి ఉళవర్ సందైని తెరిచింది. దళారిని తప్పించి రైతునూ వాడకందారునూ ముఖాముఖి నిలబెట్టడం అందరికీ తెలిసిన లక్ష్యమే. అయితే ఈ పథకంలోని తెలివి ఆ లక్ష్యంలో కన్నా, దాన్ని సాధించడానికి ఎంచుకున్న మూడు చిన్న ఉపకరణాల్లో ఉంది. మొదటిది, అమ్మేవాడు నిజంగా సాగుచేసేవాడేనని అధికారులు విచారించి ఇచ్చే ఫోటో గుర్తింపు కార్డు. రెండవది, టోకు ధర మీద సుమారు 20 శాతం కలిపి, బయటి చిల్లర ధరకు మించకుండా ప్రతి ఉదయం నిర్ణయించి రాసిపెట్టే ధరల పలక. మూడవది, ప్రభుత్వమే ఉచితంగా సమకూర్చే ఎలక్ట్రానిక్ కాటా. పల్లె సంతల్లో తక్కెడ అమ్మేవాడిదే, రాళ్ళూ అమ్మేవాడివే కావడం వల్ల, కొనేవారి అనుమానమంతా ముల్లు మీదే నిలిచేది. ఆ తక్కెడను మూడో మనిషి సొత్తు చేసి, అంకెలను ఇద్దరికీ కనబడేలా తిప్పడంతో సగం తగవు అక్కడే తీరిపోయింది.

రాసిపెట్టిన ధరకే అమ్మడం ప్రపంచంలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారమని అనుకునేవారు, అది ఒకప్పుడు పెద్ద సాహసమన్న సంగతి మరచిపోతారు. 1673లో మిత్సుయి తకతోషి ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఎచిగోయా అనే బట్టల కొట్టు తెరిచేనాటికి, పేరున్న వర్తకులు గుడ్డల మూటలను సంపన్నుల ఇళ్ళకు మోసుకుపోయి, మనిషిని బట్టి ధర చెప్పి, అప్పు మీద అమ్మేవారు. అతడు అందుకు భిన్నంగా, కొట్టుకు వచ్చిన వారందరికీ ఒకే ధర, చేతిలో రొక్కం అన్న పద్ధతి పెట్టి, అడిగినంత ముక్క కోసి ఇచ్చాడు. పారిస్‌లో అరిస్తీద్ బూసికో 1852 నుంచి బోన్ మార్షే అంగడిని నిర్ణీత ధరలతో, నచ్చని సరుకును వెనక్కి తీసుకునే సౌకర్యంతో పెంచాడు. హోసూరు సంతలోని ధరల పలక ఆ పరంపరలోనిదే గాని, ఇక్కడి గృహిణులు దాన్ని ఆఖరి మాటగా తీసుకోరు. పలక మీది అంకెను పైహద్దుగా ఎంచి, అక్కడి నుంచి కిందికి బేరం సాగిస్తారు, రైతులూ అందుకు సిద్ధపడే ఉంటారు.

సంత నుంచి పారిశ్రామికవాడ వైపు మళ్ళితే సరుకు మారుతుంది, ప్రశ్న మారదు. టాటా సంస్థలూ, టిడ్కో అని పిలిచే తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి 1984లో స్థాపించిన టైటన్ కంపెనీ తన గడియారాల కర్మాగారాన్ని హోసూరులోనే నెలకొల్పింది. జర్క్సీస్ దేశాయి సారథ్యంలో నడిచిన ఆ తొలి సంవత్సరాల్లో సంస్థ గడియారాన్ని ఎంత శ్రద్ధగా తయారుచేసిందో, దాన్ని అమ్మే గదిని కూడా అంత శ్రద్ధగానే రూపొందించింది. అంతకుముందు చేతిగడియారమంటే ఇరుకు కొట్టులో, అద్దాల బల్ల అవతలి నుంచి దుకాణదారు తీసి చూపే రెండు మూడు నమూనాల్లో ఒకటి. 1987లో బెంగళూరులో తెరిచిన తొలి టైటన్ షోరూము మాత్రం నమూనాలన్నిటినీ కళ్ళెదుట పరిచి, ధర చీటీ కట్టి, ఎంపికను కొనేవారికే వదిలింది. ఈ గడియారాల పట్టీల గొలుసు పని కొంత, మైరాడ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో సంఘటితమైన చుట్టుపక్కల గ్రామాల మహిళల చేతుల మీదుగా సాగుతూ వచ్చిందన్నది షోరూము దీపాల కింద కనబడని విషయం.

గడియారంతో పోలిస్తే బంగారం కఠినమైన సరుకు, ఎందుకంటే గడియారం ఆగిపోతే కొన్నవారికి తెలుస్తుంది గాని, నగలో రాగి ఎక్కువైతే దశాబ్దాల తరబడి తెలియదు. స్వచ్ఛతను క్యారెట్లలో లెక్కిస్తారు. 24 క్యారెట్లు మేలిమి, నగల తయారీకి వాడే 22 క్యారెట్లలో బంగారం 91.6 శాతం. సంప్రదాయపు పరీక్ష గీటురాయి మీద గీసి, ఆ గీతను తెలిసిన స్వచ్ఛత గల గీతతో పోల్చడం. అది చూసి చెప్పగలిగే నేర్పు కంసాలిదే కనుక, తన సరుకుకు తానే తీర్పరి అయ్యేవాడు. టైటన్ 1990ల మధ్యలో ఆరంభించిన తనిష్క్, హోసూరులోనే నగల కర్మాగారం పెట్టుకుని, మొదట పాశ్చాత్యుల అభిరుచికి దగ్గరగా ఉండే 18 క్యారెట్ల నగలను నమ్ముకుని దెబ్బతిన్నది. బంగారాన్ని అలంకారంగానే కాక ఆపద్ధనంగా కూడా చూసే ఇళ్ళలో 18 క్యారెట్లంటే నాలుగో వంతు నష్టం అన్నట్టే వినిపించింది. సంస్థ 22 క్యారెట్లకు మళ్ళక తప్పలేదు.

ఆ మలుపులో పుట్టిన ఆలోచనే క్యారెట్‌మీటరు. నగ మీదికి ఎక్స్‌రే కిరణాలను పంపితే, అందులోని ఒక్కొక్క లోహం తనకే ప్రత్యేకమైన శక్తి గల కిరణాలను తిరిగి వెలువరిస్తుంది. వాటిని కొలిచి, బంగారం పాలు ఎంత, రాగి పాలు ఎంత, వెండి పాలు ఎంత అన్నది యంత్రం కొద్ది నిమిషాల్లో తెర మీద చూపుతుంది. నగను కరిగించనక్కరలేదు, గీయనక్కరలేదు. కిరణాలు పైపొరను దాటి లోతుకు పోలేవు గనుక మందపాటి పూతను యంత్రం సరిగా పట్టుకోలేదన్న పరిమితి ఉన్నా, ఈ పరికరాన్ని ప్రయోగశాలలో దాచక షోరూములో జనం మధ్య పెట్టడమే అసలు కొత్తదనం. తనిష్క్ తన సరుకును పొగుడుకునే బదులు, ఎక్కడ కొన్న నగనైనా తెచ్చి ఉచితంగా పరీక్ష చేయించుకోండి అని ఆడవారిని పిలిచింది. తరతరాలుగా కుటుంబంతో స్నేహంగా మెలిగిన షరాబు అమ్మిన గాజులు 22 క్యారెట్లకు బదులు 19 క్యారెట్లని తెర మీద చదువుకున్న వారికి కలిగిన దిగ్భ్రాంతి ఏ ప్రకటనా తేలేనిది. ఆ వెంటనే, 19 నుంచి 22 క్యారెట్ల మధ్య తేలిన పాత నగలను, తయారీ ఖర్చు మాత్రమే తీసుకుని 22 క్యారెట్ల కొత్త నగలకు మార్చి ఇచ్చే పథకం వచ్చింది. కోపానికి దారి చూపి, ఆ దారి తన అంగడికే వచ్చేలా మలచుకున్న ఈ ఎత్తు వ్యాపారపరంగా నిర్దయమైనదే. ఊళ్ళోని నిజాయితీపరులైన కంసాలులు కూడా అనుమానం నీడలో నిలబడవలసి వచ్చింది. ప్రభుత్వపు హాల్‌మార్కు పథకం 2000లో స్వచ్ఛందంగా మొదలై, 2021 జూన్ నుంచి తొలి విడతగా 256 జిల్లాల్లో తప్పనిసరి కావడంతో, ఒక కంపెనీ ఆకర్షణగా పెట్టిన పరీక్ష దేశమంతటికీ నియమంగా మారే దారి పట్టింది. అయినా తరుగు, మజూరీ పేర్లతో వేసే లెక్కలు ఇప్పటికీ అంగడికొక తీరుగానే ఉన్నాయి. స్వచ్ఛతకు యంత్రం దొరికింది గాని, వాటికి ఇంకా దొరకలేదు.

హోసూరు విడిచి శూలగిరి మీదుగా కృష్ణగిరి వైపు సాగే యాభై కిలోమీటర్లలో దారికి రెండు వైపులా రాతి గుట్టలు, వాటి నడుమ కూరగాయల మడులు, పాలిథీన్ కప్పుల కింద గులాబీ తోటలు కనబడతాయి. బంగారం వెనుక నిలిచిన ఆ టిడ్కో సంస్థే హోసూరు దగ్గరి అముదగొండపల్లిలో టాన్‌ఫ్లోరా అనే పూల ఎగుమతి పార్కుకూ భాగస్వామి. కోసిన పువ్వుకు ఆయుష్షు కొద్ది రోజులే కనుక బేరానికి వ్యవధి ఉండదు. అందుకే నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్ వేలంశాలలో ధర పైనుంచి కిందికి దిగుతుంది, మొదట మీట నొక్కినవాడికి సరుకు దక్కుతుంది, మొత్తం కొన్ని క్షణాల పని. మాట్లాడకుండానే ముగిసే బేరం అది.

కృష్ణగిరి మామిడిలో కొనేవాడి ముఖమే కనబడదు. జిల్లాలో విస్తారంగా పండే తోతాపురి కాయ, ఉప్పూకారం అద్దిన ముక్కలుగా రోడ్డు పక్కన అమ్ముడయ్యే కొద్ది పాలు తప్ప, గుజ్జు కర్మాగారాలకు పోయి పానీయాల సీసాల్లో తేలుతుంది. కూరగాయల రైతుకు దక్కిన ధరల పలక ఈ రైతుకు లేదు. 2025 వేసవిలో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు, పొరుగున ఉన్న చిత్తూరు జిల్లా యంత్రాంగం ఇతర రాష్ట్రాల కాయ రాకను అడ్డుకోగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్మాగారాలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించి, తన వంతుగా మరో 4 రూపాయలు కలిపింది. మామిడి ప్రదర్శనల్లో రకరకాల పండ్లను అందంగా పేర్చి చూపడం కన్నుల పండుగే గాని, తోతాపురి వ్యథ ఆ బల్లల మీదికి ఎక్కదు.

పోచంపల్లి అనగానే తెలుగు పాఠకుల మనసు పాత నల్లగొండ జిల్లా వైపు, ఇక్కత్ చీరల వైపు పోతుంది. ఈ పోచంపల్లి వేరు. కృష్ణగిరి జిల్లాలోని ఈ ఊరికి ఆదివారపు సంత, అందులోని మేకల బేరం వల్ల పేరు వచ్చింది. అక్కడ కాటా ఉండదు. కొనేవాడు మేక నోరు తెరిచి పళ్ళు చూసి వయసు తెలుసుకుంటాడు, నడుము మీద వేళ్ళు నొక్కి ఎముకకూ చర్మానికీ మధ్య కండ ఎంతో అంచనా కడతాడు, ముందు కాళ్ళ కింద చేతులు వేసి ఎత్తి బరువు తూస్తాడు. దక్షిణాది పశువుల సంతల్లో తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునే ఆచారం కూడా ప్రసిద్ధమైనదే. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే ఎంత ధరో ఆ ఇద్దరికే తెలుస్తుంది, పక్కనున్నవారికి తెలియదు. ఎచిగోయా పాటించిన బహిరంగ ధరకు ఇది నేరుగా ఎదురు తిరిగిన పద్ధతి. రహస్యమైనా అన్యాయమనడానికి వీల్లేదు, ఎందుకంటే సరుకును పరీక్షించే హక్కు అక్కడ పూర్తిగా కొనేవాడి చేతిలోనే ఉంది.

ఇదే పోచంపల్లి ప్రాంతంలో సుమారు 500 ఎకరాల్లో ఓలా ఎలక్ట్రిక్ సంస్థ స్కూటర్ల కర్మాగారం వెలిసింది. 2021 జులైలో 499 రూపాయలకు పేరు నమోదు చేసుకోమని పిలిచిన ఆ సంస్థ, సెప్టెంబరులో షోరూముల ప్రమేయం లేకుండా, ఫోను తెర మీదనే రెండు రోజుల్లో 1,100 కోట్ల రూపాయలకు పైగా అమ్మకాలు జరిగాయని ప్రకటించింది. నడిపి చూసే అవకాశం కొన్నవారికి నవంబరులో గాని రాలేదు. సరుకును తాకకముందే డబ్బు కట్టించుకోవడం చిల్లర వర్తకంలో కొత్త సంగతేమీ కాదు. హోసూరులోనే స్కూటర్లు తయారుచేసే ఏథర్ ఎనర్జీ ఇందుకు విరుద్ధమైన దారి పట్టి, బెంగళూరు ఇందిరానగర్‌లో 2018లో తెరిచిన తన అంగడిలో, పై తొడుగులన్నీ తీసేసిన స్కూటరును నిలబెట్టి, లోపలి చట్రం, బ్యాటరీ, మోటారు చూపి, నడిపి చూశాకే నిర్ణయించుకోమంది. మేక నడుము నొక్కి చూసే సంతగాడికి ఈ రెండో పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

తెర మీద అమ్మిన స్కూటరు రోడ్డెక్కి, మరమ్మతు కోరి తిరిగి వచ్చేసరికి చిక్కులు మొదలయ్యాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు అందిన పదివేలకు పైగా ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఓలాకు షోకాజ్ నోటీసు ఇవ్వగా, వాటిలో 99.1 శాతం పరిష్కరించామని సంస్థ జవాబు చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 25న ఒక్క రోజులో 3,200 కొత్త అంగళ్ళు తెరిచి మొత్తం సంఖ్యను 4,000కు చేర్చినట్టు ప్రకటించింది. ఆ కొత్త అంగళ్ళకు మరమ్మతు వసతిని ఆనుకునే ఏర్పాటు చేశామని సంస్థ చెప్పుకుంది.