ఎందుకు అమ్ముతున్నారు?

పాత సామాను ఎక్కడ దొరుకుతుందని హైదరాబాద్‌లో ఎవరినడిగినా ఎర్రగడ్డ ఆదివారం సంత అంటారు, లేదంటే జుమ్మేరాత్ బజార్ అంటారు. పుస్తకాలకైతే ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఆబిడ్స్‌కు నేను ఇప్పటికీ ఇష్టంగా పోతాను. ఫ్రిజ్, బీరువా, మంచం లాంటివాటికి మాత్రం మా ఉప్పల్, నాచారం గల్లీలు దాటి పోనక్కర్లేదు. ఈ సంగతి నాకు నేర్పింది మా వీధి ఫ్రిజ్ మెకానిక్.

“వస్తువు తర్వాత చూద్దాం అక్కా. వాళ్లెందుకు అమ్ముతున్నరో ముందు అది అడుగు” అనేవాడు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు మీద వరంగల్ హైవే, నాగోల్ నుంచి హబ్సిగూడ పోయే రోడ్డు కలుస్తాయి. భువనగిరి, జనగామ, హనుమకొండ నుంచి బతుకుతెరువుకు వచ్చేవాళ్లకు నగరం ఇక్కడే మొదలవుతుంది. ఒకవైపు నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీలు, ఇంకోవైపు ఉప్పల్ ఐటీ ఆఫీసులు. 2017 నుంచి మెట్రో కూడా ఉంది. అందుకే ఇక్కడ అద్దెకుండేవాళ్లు ఎక్కువ, ఇళ్లు మారేవాళ్లూ ఎక్కువే. బదిలీ అయినవాళ్లు, కొడుకు దగ్గరికి పోతున్న పెద్దవాళ్లు సామాను అమ్మేది అందులో లోపముండి కాదు. వెంట తీసుకుపోలేక అమ్ముతారు. అలాంటి ఇంట్లో ఫ్రిజ్ ఇంకా పాలు, కూరగాయలతో నడుస్తూనే ఉంటుంది. దాన్ని అలా నడుస్తుండగానే చూడాలి.

తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే బిగుతుగా రావాలి. సులువుగా జారిందంటే గాస్కెట్ వదులైనట్టే. మామూలు ఫ్రిజ్‌లో కంప్రెసర్ కాసేపు నడిచి ఆగాలి. ఎంతసేపటికీ ఆగకపోతే అనుమానించాలి. దుకాణంలో “గ్యాస్ కొత్తగా నింపినం” అంటే చాలామంది సంతోషపడతారు. మా మెకానిక్ అక్కడే ఆగిపోయేవాడు. గ్యాస్ వాడితే అరిగేది కాదు, ఎక్కడో లీకైతేనే తగ్గుతుంది. ఆ లీకు ఎక్కడుంది, దాన్ని ఎలా మూశారన్నది అతని ప్రశ్న. దానికి సరైన జవాబు రాకపోతే ధర ఎంత తగ్గించినా కొననిచ్చేవాడు కాదు. ట్రాలీ ఆటోలో ఫ్రిజ్‌ను నిలబెట్టే తేవాలనీ, పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుందనీ, అలా తేవాల్సి వస్తే కొన్ని గంటలు నిలబెట్టాకే స్విచ్ వేయాలనీ చెప్పింది కూడా అతనే.

సెల్‌ఫోన్‌కైతే ఎందుకు అమ్ముతున్నారన్న ప్రశ్న ఇంకా ముఖ్యం. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరును ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకుంటే అది బ్లాక్ చేసిన ఫోనో కాదో తెలుస్తుంది. బండికి ఫైనాన్స్ తీరిందా, చలాన్లు ఉన్నాయా చూసుకోవాలి. ఆర్‌సీ మన పేరు మీదికి మారేదాకా పని పూర్తయినట్టు కాదు.

కాలం కూడా చూడాలి. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ. శ్రావణం రాగానే ఆగినవాళ్లంతా ఒక్కసారే కదులుతారు. అపార్టుమెంట్ల వాచ్‌మెన్‌కు ఆ కబుర్లు ముందే తెలుస్తాయి. ఫలానా ఫ్లాటు ఈ నెలాఖరుకు ఖాళీ అవుతోందని వాళ్లు చెప్పిన మాట నాకు ఏ దుకాణం బోర్డుకన్నా ఎక్కువ పనికొచ్చింది.

అయితే అమ్మే కారణం తెలిశాక బేరమాడే పద్ధతి కూడా మారాలి. చిలకానగర్‌లో ఒక పెద్దావిడ టేకు మంచం అమ్ముతోందని తెలిసి వెళ్లాం. కూతురు దగ్గరికి పోతోంది, రెండు రోజుల్లో ఇల్లు అప్పగించాలి. ఇంకా తగ్గించమంటే తప్పక తగ్గించేది. మెకానిక్ నన్ను పక్కకు పిలిచి “అడిగినంత ఇచ్చేయక్కా, కట్టె మంచిది” అన్నాడు. ఇచ్చాను. అవతలివాళ్ల తొందరను మన లాభం చేసుకోవడం నాకు అప్పటినుంచీ నచ్చదు. మంచం కోళ్లలో పురుగు తొలిచిన రంధ్రాలుంటే, కింద పొడి రాలుతుంటే ఆ మేరకు తగ్గించమని అడగడం న్యాయమే. మనిషి అవసరం చూసి తగ్గించమనడం వేరు.

మా మేనకోడలు ఈ శ్రావణంలో బోడుప్పల్‌లో కాపురం పెడుతోంది. కొత్త ఫ్రిజ్‌కు నెలనెలా వాయిదాలు కడతానంది. ముందు వాచ్‌మెన్‌ను అడిగి చూద్దామన్నాను.