వైణికుడా, వైణవికుడా?

వీణ వాయించేవారు వైణికులు, మృదంగం వాయించేవారు మార్దంగికులు. మరి వేణువు ఊదేవారిని ఏమంటాం, చెప్పండి చూద్దాం!

"వేణుగాన విద్వాంసుడు" అంటాం. లేదా "ఫ్లూటు వాయిస్తాడండీ" అనేస్తాం. కానీ ఒక్క మాటలో చెప్పడానికి నిక్షేపంలాంటి పదం ఉంది: వైణవికుడు. అమరకోశం దాని సరసనే 'వేణుధ్ముడు' అన్న మాటనూ కూర్చోబెట్టింది. వేణువును ఊదేవాడని అర్థం. వేణువంటే వెదురు కూడా. ఆ పేరే వాద్యానికీ వచ్చింది. వేణువులోని ఉకారమే వైణవికుడిలో వకారమై నిలిచింది. అది కాస్తా జారిందా, వైణికుడైపోతాడు, చేతికి వీణ వచ్చేస్తుంది!

ఈ రెండు మాటలూ గుర్తుండాలంటే మన బెజవాడ బాలమురళిగారి ఇంటిని తలచుకుంటే చాలు. తండ్రి మంగళంపల్లి పట్టాభిరామయ్యగారు వైణవికులు, తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు. 1930 జూలై 6న శంకరగుప్తంలో పుట్టిన బిడ్డకు మురళీకృష్ణ అని పేరు. ఆ 'బాల' తర్వాత ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు చేర్చింది. పసికందుగా ఉండగానే తల్లి పోతే, తండ్రే పెంచి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి శిష్యుణ్ణి చేశారు. ఆ శిష్యుడే పెద్దయ్యాక బెజవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలయ్యారు. కొడుకు కీర్తి లోకమంతా ఎరిగినదే. దాని వెనకున్న వైణవికుణ్ణి కూడా తలుచుకోవాలి కదా!

అచ్చ తెలుగులో వేణువు పిల్లనగ్రోవి. క్రోవి అంటే గొట్టం. వసంతోత్సవాల్లో రంగునీళ్లు చల్లే చిమ్మనగ్రోవిలో ఉన్నదీ ఆ క్రోవే. ఆ పిల్లనగ్రోవి పట్టి మొవ్వలో వెలసిన వేణుగోపాలుడే క్షేత్రయ్యగారి పదాల్లో మువ్వగోపాలుడు. ఆ పక్కనే ఉన్న కూచిపూడివారి ఆటకు వేణువు లేనిదే నిండుదనం రాదు. ఇన్ని తరాలుగా వేణువు పలుకుతున్న సీమ మనది.

ఇంగ్లీషువాళ్లకు ఫ్లూటిస్టన్న పాత మాట ఉండగా, ఇటాలియన్ నుంచి ఫ్లాటిస్టునూ తెచ్చుకుని రెండూ వాడుకుంటున్నారు. మనకున్న మాటను మనం వాడుకోవద్దూ? కచేరీ ఆహ్వానపత్రాలు అచ్చువేయించే పెద్దలారా, ఈసారి వేణుగాన విద్వాంసుడి పేరు ముందు 'వైణవిక' అని వేయించండి. వకారం మాత్రం మరవకండి.