గులాబీరంగు డబ్బా... నా పికో డబ్బులు

మా వీధిలో వాళ్ళకు చీరలకు ఫాల్స్ కుట్టి, పికో చేసి ఇస్తుంటాను. ఆ డబ్బులు నా పేర బ్యాంకులో విడిగా వేసుకుంటాను. మావారు ఆ ఖాతా జోలికి రారు, లెక్కా అడగరు. అలాంటి ఖాతాలోంచి నాకు తెలియకుండా నెలకు 399 రూపాయలు పోతుంటే ఎలా ఉంటుందో చెప్పండి! తెలియకుండా అనడం కూడా తప్పేలెండి, తెలిసీ తెలియకుండా అనాలి.

సంక్రాంతికి ముందు ఫోన్‌లో ఒక ప్రకటన కనపడింది. మొదటి నెల 99 రూపాయలకే అయిదు రకాల క్రీములూ, లిప్‌స్టిక్కులూ డబ్బాలో పెట్టి ఇంటికే పంపుతారట. నలభై దాటాక మనల్ని ఎవరు చూడొచ్చారులే అనుకుంటూనే నొక్కాను, పిన్ కూడా కొట్టాను. కింద సన్నటి అక్షరాల్లో ఏదో ఉంది. అది ఎవరు చదువుతారు?

డబ్బా వచ్చింది. గులాబీరంగు అట్టపెట్టె, లోపల బుల్లి బుల్లి సీసాలు. అబద్ధమెందుకు, విప్పుతుంటే పెళ్ళినాటి సారె విప్పుతున్నట్టే అనిపించింది. రెండో డబ్బాలో ఊదారంగు లిప్‌స్టిక్ వచ్చింది, అది వేసుకుని గడప దాటే ధైర్యం నాకు లేదు. ముఖానికి అంటించుకునే తడి కాగితం ఒకటి. అది పెట్టుకుని మరిచిపోయి తలుపు తీస్తే గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు! మూడు, నాలుగు డబ్బాల్లో మళ్ళీ అవే క్రీములు. మన సున్నిపిండే నయమనుకుని ఏప్రిల్‌లో ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేశాను. పీడా వదిలిందనుకున్నాను.

మే నెలలో మళ్ళీ డబ్బా వచ్చింది. “వద్దు బాబూ, తీసుకుపో” అని కొరియర్ అబ్బాయికి చెప్పి తిప్పి పంపాను. జూన్‌లో, జూలైలో కూడా అంతే. డబ్బా వెనక్కి పోయింది కదా, డబ్బు ఎందుకు కడతామని నా లెక్క.

జూలైలోనే మా అమ్మకు కొత్త కళ్ళజోడు చేయిద్దామని బ్యాంకుకు వెళ్ళి పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించాను. వరసగా 399, 399, 399. మొత్తం 1,197 రూపాయలు! పికో ఒక్కటే అయితే ముప్పై చీరల పని. కాళ్ళు చల్లబడ్డాయి. కళ్ళజోడు వచ్చే నెల చేయిస్తానని ఫోన్ చేస్తే అమ్మ, “తొందరేముందే, సహస్రనామం నాకు నోటికి వచ్చుగా” అంది. ఆ మాటకు నాకు ఇంకా ఏడుపొచ్చింది. మావారితో చెప్పలేదు. “ఈ వయసులో నీకెందుకవి” అంటారని భయం.

యాప్ మళ్ళీ పెట్టుకుని నేనే తీసేయబోయాను. మానేయడానికి ఎక్కడ నొక్కాలో వెతకడానికే అరగంట పట్టింది. దొరికాక ‘నిజంగా వెళ్ళిపోతారా?’ అంది. కింద ‘నాకు అందం మీద శ్రద్ధ లేదు’ అని ఒక గడి! ఆ మాట మీద నొక్కబుద్ధి కాక, పక్కన ‘కొన్నాళ్ళు ఆపండి’ అని ఉంటే అది నొక్కి వచ్చేశాను. ఆగస్టులో డబ్బు పోలేదు, నా తెలివికి నేనే మురిసిపోయాను.

సెప్టెంబరు 4న బ్యాంకు నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. అలాంటివి వెనకటి నెలల్లోనూ వచ్చాయి గానీ బ్యాంకువాళ్ళ గోల అని వదిలేసేదాన్ని. ఈసారి కూడబలుక్కుని చదివితే, రేపు 399 తీసుకుంటాం అని ఉంది! రెండు వీధుల అవతల ఉండే మా మరదలి దగ్గరకు పరుగెత్తాను.

“వదినా, మీరు యాప్ తీసేస్తే మీ ఫోన్‌లో బొమ్మ పోయింది, అంతే. ఇందులో రెండు ముళ్ళున్నాయి, రెండూ విప్పాలి” అంది. ఒకటి కంపెనీతో మనం పెట్టుకున్న చందా. రెండోది, నెలనెలా తీసుకోండని పిన్ కొట్టి మన బ్యాంకుకు ఇచ్చిన అనుమతి. 15,000 రూపాయలు దాటకపోతే నెలనెలా మళ్ళీ పిన్ గానీ, ఓటీపీ గానీ అడగరట. అయితే డబ్బు తీసే 24 గంటల ముందు మనకు చెప్పి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. నేను చదవకుండా వదిలేసినవి అవే!

ముందు కంపెనీ చందా రద్దు చేయించింది. ‘అందం మీద శ్రద్ధ లేదు’ అన్న గడి తనే నొక్కింది, “శ్రద్ధ నాకుందిలెండి వదినా” అని నవ్వుతూ. రద్దయిందని వచ్చిన పేజీని ఫోన్‌లో ఫొటో తీసి దాచింది. ఆ తరవాత నేను డబ్బులు పంపే యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ అనే చోటుకు వెళ్తే ఆ కంపెనీ పేరు ఇంకా అలాగే కూర్చుని ఉంది. దాన్నీ రద్దు చేసి పిన్ కొట్టించింది. కార్డు నెంబరు ఇచ్చినవాళ్ళయితే బ్యాంకు మెసేజ్‌లోనే ఆపుకునే దారి ఉంటుందట. బ్యాంకులో ఆపేసి కంపెనీకి చెప్పకపోవడమూ మంచిది కాదు, ఏడాదికి ఒప్పుకున్నవాళ్ళయితే మిగతాది బాకీ అంటారు. అందుకే ముందు కంపెనీ, తరవాత బ్యాంకు. అదీ డబ్బు తీసే తేదీకి నాలుగు రోజుల ముందే చూసుకుంటే నాలా పరుగెత్తక్కర్లేదు.

ఇలా చేరడం తేలిక, వెళ్ళడం కష్టం చేయడమూ, వద్దంటే సిగ్గుపడేలా మాటలు పెట్టడమూ తప్పని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో మార్గదర్శకాలే ఇచ్చింది. అలాంటివి 13 రకాలు రాశారు అందులో. నాకు రెండు రకాలు ఒకే డబ్బాలో వచ్చాయన్నమాట!

తిప్పి పంపిన మూడింటి డబ్బూ ఇమ్మని కంపెనీకి రాయించాను. జూలైది ఒక్కటీ వెనక్కి వచ్చింది, మిగతావి గడువు దాటాయన్నారు. 1915 నెంబరుకు ఫోన్ చేస్తే వినియోగదారుల ఫిర్యాదు తెలుగులోనే తీసుకుంటారు. చేశాను, వాళ్ళిచ్చిన నెంబరు క్యాలెండరు మీద రాసిపెట్టుకున్నాను. అమ్మ కళ్ళజోడు దసరాకు వచ్చింది, పికో డబ్బులతోనే.

ఆ రాత్రి మావారికి అంతా చెప్పేశాను. “నన్నడిగితే ముందే చెప్పేవాణ్ణిగా” అన్నారు. సరే, మీదీ చూద్దాం ఇలా ఇవ్వండని ఆయన ఫోన్ తీసుకుని ఆటోపే తెరిచాను. ఎప్పటిదో క్రికెట్ చూసే ప్యాకేజీ ఒకటి, రోజూ నడిపిస్తానన్న యాప్ ఒకటి! ఒక్క పూట నడిచారో లేదో. కాసేపు కిమ్మనలేదు ఆయన. తరవాత కళ్ళజోడు సర్దుకుని, “ఏమోయ్, ముందు కంపెనీయా, బ్యాంకా?” అన్నారు.