మరిపెడ ముచ్చట్లు: నడుమ దిగిన ఊళ్ళు

ఎండలు ముదిరాయి. మిర్చి కల్లాలు ఖాళీ అయ్యాయి. ఖమ్మం పోయేది ఖమ్మం, వరంగల్ ఏనుమాముల మార్కెట్ పోయేది ఏనుమాముల పోయింది. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో కాంటా కోసం ఎదురుచూస్తున్నాయి. జాగ చాలని రైతులు రోడ్డు మీద సగం దాకా ఆరబోసి, వచ్చే పోయే బండ్లను చేయి చూపి పక్కకు పంపుతున్నారు. ముంజలు దిగాయి, పెండ్లిళ్ళ డీజేలు మోగుతున్నాయి, ఆకేరు వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. వీటితోపాటు కొన్నేండ్లుగా మా దగ్గర ఇంకో వేసవి సందడి తోడైంది: పిల్లల దగ్గరికి విమానమెక్కే అమ్మానాన్నలు.

మే నెలలో అమెరికాలో పట్టాలు పుచ్చుకునే వేడుకలు. కొందరికి కొడుకు పట్టా, కొందరికి బిడ్డ కాన్పు. ఇంకొందరికి ఏ కారణమూ లేదు, "వీసా వచ్చింది గదా, పోకుంటే ఎట్ల?" అనే ధీమా తప్ప. రైలెక్కాలన్నా మానుకోటకో (మహబూబాబాద్) డోర్నకల్‌కో పోవాల్సిన ఊరు మాది. అలాంటిది ఇప్పుడు చాయ్ హోటల్ దగ్గర నిలబడితే దోహా, దుబాయ్, సింగపూర్ పేర్లు తొర్రూరు, కురవి పేర్లంత సులువుగా వినపడుతున్నాయి. జిల్లా 2016 అక్టోబరు 11 నుంచి మహబూబాబాద్ అయినా పాత పాస్‌పోర్టుల్లో మాత్రం మేమింకా వరంగల్ వాళ్ళమే.

శంషాబాద్‌లో ఎక్కిన చాలామందికి నడుమ ఎక్కడో ఒకచోట విమానం మారక తప్పదు. ఆ నడుమ దొరికే ఆరు గంటలు, ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఒక రాత్రి, మనవాళ్ళు ఎట్లా గడుపుతారన్నదే ఈసారి ముచ్చట. ఎక్కువమంది కుర్చీలో కూర్చుని గడుపుతారు, అదీ చక్రాల కుర్చీలో. పిల్లలు టికెట్ తీస్తున్నప్పుడే వీల్‌చెయిర్ కూడా పెట్టేస్తారు. మోకాళ్ళు బాగలేక కాదు, ఇంగ్లీషు బాగలేక. పొద్దున నాలుగింటికి లేచి పొలం చుట్టూ తిరిగొచ్చే మనిషి దుబాయ్‌లో దిగగానే కుర్చీలో కూర్చుంటాడు. తోసేవాడు తీసుకుపోయి గేటు దగ్గర దించుతాడు, ఇక కదలడు. పిల్లల భయం నాకు అర్థమవుతుంది, తప్పిపోతే ఎవరిని అడుగుతారు అని. కానీ నడవగలిగిన మనిషిని ఒక మహానగరం దాకా తీసుకుపోయి దాని వాకిట్లో కట్టేసినట్టు ఉంటుంది నాకు ఈ పద్ధతి.

అందరూ అట్లా లేరు. మా వీధిలో రిటైరైన ఒక పంతులమ్మ, ఆమె భర్త కిందటేడు సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియా పోతూ బయటికి వెళ్ళొచ్చారు. ఆమె చెప్పిన లెక్క ఇది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉండి, షరతులు సరిపోతే సింగపూర్‌లో మనవాళ్ళు 96 గంటల దాకా వేరే వీసా లేకుండా ఉండవచ్చు. ఐదున్నర గంటలకు పైగా, 24 గంటల లోపు ఆగేవాళ్ళను చాంగి విమానాశ్రయం వాళ్ళే రెండున్నర గంటలు బస్సులో ఊరు చూపించి తీసుకొస్తారు, పైసా తీసుకోరు. మొదటిసారి పోయేవాళ్ళకు అదే నయం. పంతులమ్మ మాత్రం బస్సు ఎక్కలేదు. "బస్సు అద్దంలోంచి చూసుడు ఇక్కడ చూస్తనే ఉన్నం గదా" అని మెట్రో ఎక్కింది. విమానాశ్రయం నుంచి ఎక్స్‌పో, అక్కడ లైను మారితే లిటిల్ ఇండియా స్టేషను, ముప్పావు గంట.

ఆమె పోయింది టెక్కా సెంటర్‌కు. కింద కూరగాయలు, చేపలు, తిండి దుకాణాలు. పైన చీరలు, టైలర్ల మిషన్లు. మునక్కాయ ధర అడిగి, రూపాయల్లోకి మార్చి, గుండె పట్టుకుందట. నాకు బాగా నచ్చింది అది కాదు, తిండి దుకాణాల దగ్గర ఆమె చూసింది. మధ్యాహ్నం, జనం కిటకిట. ఒక బల్ల ఖాళీగా ఉంది కానీ దాని మీద చిన్న కాగితపు రుమాళ్ళ ప్యాకెట్ ఒకటి పెట్టి ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని ఈమె తీసి పక్కన పెట్టబోతే, పక్క బల్ల మీద ముసలాయన తల అడ్డంగా ఊపాడట. మరిపెడ బంగ్లాలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకుంటాం చూడండి, సరిగ్గా అదే. ఆఫీసు బట్టల్లో ఉన్న పిల్ల ఒకతి పళ్ళెం పట్టుకుని వచ్చి దర్జాగా ఆ బల్ల దగ్గర కూర్చుందట. అక్కడ దానికి 'చోప్' అని పేరు. ఎవరూ దెబ్బలాడుకోరు, ప్యాకెట్‌ను ఎవరూ ఎత్తుకుపోరు. తిన్నాక పళ్ళెం తీసుకుపోయి పెట్టాల్సిన చోట పెట్టాలి, లేకపోతే జరిమానా. 2021 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. ఈ హాకర్ సెంటర్ల తిండి సంస్కృతిని యునెస్కో 2020లో తన జాబితాలో చేర్చింది. పంతులమ్మకు యునెస్కో సంగతి తెలియదు, చోప్ సంగతి మాత్రం ఊరంతా చెప్పింది.

ఆదివారం దిగేవాళ్ళు అదృష్టవంతులు. ఆ సాయంత్రం లిటిల్ ఇండియాలో కట్టడాల మీద, ఓడల యార్డుల్లో పనిచేసేవాళ్ళు సెలవు కలిసొచ్చి గుంపులుగా చేరతారు. తమిళులు, బంగ్లాదేశీయులు ఎక్కువ, మనవాళ్ళూ ఉంటారు. ఇంటికి డబ్బు పంపేవాడు, ఫోను రీచార్జి చేయించుకునేవాడు, గట్టు మీద కూర్చుని ఊరి ముచ్చట చెప్పుకునేవాడు. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది, ఉగాది లాంటి పండుగలు చేస్తుంది. ఆ సమాజం సభకు పోయే ఇంజనీరు వేరు, సెరంగూన్ రోడ్డు గట్టు మీద కూర్చున్న కుర్రాడు వేరు. పోయేవాళ్ళు రెండోవాడితో కూడా నాలుగు మాటలు మాట్లాడి రావాలని నా కోరిక.

ఎందుకంటే ఈ పెద్ద ఊళ్ళలో "అక్కడి బతుకు" అని మనం చూసేది సగానికి సగం వేరే చోట్ల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళ బతుకు. దుబాయ్ అయితే మరీను. అక్కడ మనకు ఎదురయ్యేవాళ్ళలో ఆ దేశం వాళ్ళు చాలా తక్కువ. మా మరిపెడ వైపు నుంచి గల్ఫ్ పోయినవాళ్ళు కొద్దిమందే కానీ కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఊళ్ళకు ఊళ్ళే పోయాయి. అమెరికా వీసా ఉన్నవాళ్ళకు దుబాయ్‌లో దిగాక వీసా ఇస్తారు. అయినా మనవాళ్ళు విమానాశ్రయంలో బంగారం కొట్ల ముందు నిలబడి ఫొటో దిగి, దుబాయ్ చూసినట్టే లెక్క వేసుకుంటారు.

దుబాయ్‌లో నాలుగు గంటలు చేతిలో ఉంటే ఎత్తయిన బుర్జులు వదిలేయండి, అవి ఎటు పోయినా కనపడతాయి. మెట్రో ఎర్ర లైను 1, 3 టెర్మినళ్ళ దగ్గరే ఎక్కవచ్చు. యూనియన్ స్టేషన్‌లో ఆకుపచ్చ లైనుకు మారి అల్ రాస్‌లో దిగితే దేరా. అక్కడి మసాలా బజారులో బస్తాల నోళ్ళు తెరిచి పెట్టుకుని కూర్చుంటారు: యాలకులు, పసుపు, కుంకుమపువ్వు, ఎండబెట్టి నల్లబడిన నిమ్మకాయలు. ఆ నిమ్మకాయలను మన ఆడవాళ్ళు వాసన చూడకుండా రారు. అక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే క్రీక్. చెక్కతో చేసిన అబ్రా పడవలు అటు ఇటు తిరుగుతుంటాయి, దాటడానికి ఒక్క దిర్హం.

ఈ అబ్రా గురించి మా ఎదురింటాయన చెప్పిన తీరు వినాలి. పడవ నడుమ పొడుగాటి బల్ల. జనం ఒకరి వీపు ఒకరికి చేసి, మొహం నీళ్ళ వైపు పెట్టి కూర్చుంటారు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. నడిపేవాడు మధ్యలో గుంట లాంటి చోట ఉంటాడు, పడవ కదిలాక నాణేలు చేతుల మీదుగా అతని దాకా పోతాయి. ఈయన పక్కన ఒక వంటమనిషి, ఆ పక్కన సంచి నిండా బట్టలున్న సేల్స్ కుర్రాడు, అవతల ముగ్గురు రంగులేసే పనివాళ్ళు. ఐదారు నిమిషాల్లో అవతలి ఒడ్డు. ఈయన దిగి, మళ్ళీ ఒక దిర్హం ఇచ్చి వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఎక్కాడు. "ఏముందన్నా అండ్ల?" అని అడిగితే, "ఏం లేదు, పని మీద పోయెటోళ్ళతోని కూసున్న" అన్నాడు. పోయిన వేసవిలో నేను విన్న దుబాయ్ ముచ్చట్లలో ఇంత చక్కనిది ఇంకోటి లేదు. మే నెలలో పగలు మాత్రం ఆ సాహసం వద్దు. మన రామగుండం ఎండ కూడా అక్కడ చిన్నబోతుంది. పొద్దు గూకాక పోవాలి.

దోహాలో దిగేవాళ్ళకు సూక్ వాకిఫ్ ఉంది, మెట్రోలో పోయి రావచ్చు. మనవాళ్ళు మాత్రం విమానాశ్రయంలో నెత్తిన దీపమున్న పసుపు ఎలుగుబంటి బొమ్మ దగ్గరే ఆగిపోతారు.

బ్యాంకాక్ మీదుగా పోయేవాళ్ళు తక్కువే కానీ పోయినవాళ్ళు ఎక్కువ మాట్లాడతారు. విమానాశ్రయం పేరే సువర్ణభూమి. లోపల దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకుని పాలసముద్రం చిలుకుతున్న పెద్ద బొమ్మలు. మన ముసలివాళ్ళు అక్కడే సగం ధైర్యం తెచ్చుకుంటారు. రైలెక్కితే దాదాపు అరగంటలో ఫయా థాయ్, అక్కడి నుంచి స్కైట్రైన్‌లో చిడ్‌లోమ్. దిగితే ఎరవాన్ మందిరం, 1956లో పెట్టిన నాలుగు మొహాల బ్రహ్మ. మన దగ్గర బ్రహ్మకు గుళ్ళు అరుదు, అక్కడ నడిరోడ్డు కూడలిలో, మాల్స్ మధ్య, బంతిపూల దండల్లో మునిగిపోయి ఉంటాడు. ఆఫీసు పిల్లలు లంచ్ టైములో వచ్చి అగరొత్తులు వెలిగించి మొక్కి పోతారు. మొక్కు తీరినవాళ్ళు నాట్యం చేసేవాళ్ళకు డబ్బిచ్చి ఆడిస్తారు.

కానీ బ్యాంకాక్ అంటే వీధి తిండి. ఈ కాలంలో అక్కడా మామిడి కాపే. పచ్చి మామిడి ముక్కలను ఉప్పు, చక్కెర, కారం కలిపిన పొడిలో అద్దుకుని తింటారు. పండు మామిడిని కొబ్బరిపాలు పోసిన తియ్యటి జిగురన్నంతో తింటారు. "అన్నంల మామిడిపండా?" అని మూతి విరిచేవాళ్ళకు, పెరుగన్నంలో మామిడిపండు నంజుకునేది మనమేనని గుర్తుచేయాల్సి వస్తుంది. పచ్చి బొప్పాయి తురుమును మట్టి రోట్లో చెక్క రోకలితో, మిరపకాయలు, వెల్లుల్లి, వేరుశెనగ వేసి దంచి ఇచ్చే సోమ్‌తమ్ దుకాణం అడుగడుక్కీ ఉంటుంది. టక్ టక్ మని ఆ చప్పుడు వినపడితే మిర్చి పండించే ఊరివాడు ఆగకుండా ఉండగలడా? ఇంకో మాట: ఖమ్మం మార్కెట్‌లో కాంటా అయ్యే తేజ మిర్చి చైనాకు, బంగ్లాదేశ్‌కు, మలేషియాకు పోయినట్టే థాయ్‌లాండ్‌కు కూడా పోతుంది. ఆ రోట్లో నలిగేది ఈ మండలం మిరపకాయేనని ప్రమాణం చేయలేను కానీ, మనకంటే ముందే మన కారం అక్కడికి చేరిందన్నది నిజం. శాకాహారులు మాత్రం చూసుకోవాలి, దాదాపు అన్నింట్లోనూ చేపల రసం పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని రాసి ఉన్న దుకాణంలో మాంసం, చేప ఉండవు.

కౌలాలంపూర్‌లో 2023 డిసెంబరు 1 నుంచి మనకు 30 రోజుల దాకా వీసా అడగడం లేదు, ముందుగా ఆన్‌లైన్‌లో వివరాలు నింపితే చాలు. బతు గుహల దగ్గర మురుగన్ విగ్రహం, 272 మెట్లు. వీల్‌చెయిర్ పెట్టుకున్నవాళ్ళు ఆ మెట్ల ఫొటో కోడలికి పంపకపోవడం మంచిది. అక్కడ తోటల్లో పనికి పోయిన తెలుగువాళ్ళ మునిమనుమలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ సంఘం 1955 నాటిది, మొదట్లో మలయా ఆంధ్ర సంఘం.

ఇక గంటల లెక్క. టికెట్ మీద ఆరు గంటలంటే చేతిలో ఉండేది ఆరు కాదు. దిగి లైన్లో నిలబడేది ఒక గంట, తిరిగొచ్చి తనిఖీలు దాటేది మూడు గంటలు తీసేయండి. ఆరు గంటల లోపైతే సొంతంగా విమానాశ్రయం దాటకండి. ఎనిమిది దాటితే ఒక్క చోటు పెట్టుకోండి, రెండు వద్దు. రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాళ్ళు పెట్టెలు నడుమనే దించుకుని మళ్ళీ ఇవ్వాల్సి వస్తుంది. వీసా నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు పిల్లలతో చూపించుకోవాలి. వానాకాలం ప్రయాణం పెట్టుకున్న ఖమ్మం వైపు చుట్టాలకు ప్రత్యేకంగా చెబుతున్నాను: 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి పురుషోత్తమాయగూడెం దగ్గర రోడ్డు తెగింది గుర్తుంది గదా, ఒకరోజు ముందే పట్నం చేరండి.

మా ఊరు కూడా నడుమ దిగే ఊరే. వరంగల్, ఖమ్మం మధ్య బస్సు పది నిమిషాలు ఆగితే ఒక చాయ్, నాలుగు మిర్చి బజ్జీలు, అంతే మరిపెడ అంటే. తండాల నుంచి సామాన్లకు వచ్చిన ఆడవాళ్ళ గాజుల చప్పుడు, మందుల దుకాణం ముందు మిర్చి తెగుళ్ళ మీద పంచాయితీ, మానుకోట ఆటోల కేకలు, ఇవన్నీ ఆ పది నిమిషాల్లోనే, దిగినవాడి కళ్ళముందే జరుగుతుంటాయి. చాలామంది ఫోను చూసుకుంటారు. కొందరు మాత్రం చాయ్ గ్లాసు పట్టుకుని బజ్జీల ఆమెను "ఈసారి మిర్చి ఎట్లుంది?" అని అడుగుతారు. దేరాలోనూ టెక్కాలోనూ పనికొచ్చేది అలాంటి ప్రశ్నే.

ఈ వారం మాత్రం వీధిలో చర్చ అంతా పెట్టెల మీద. ఆవకాయ చేతి సంచిలో వద్దు, పెట్టెలో సర్దండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అమెరికా కస్టమ్స్ వాళ్ళు పోనివ్వరు, ఎంత ఏడ్చినా. అన్నింటికంటే ముఖ్యం గసగసాలు. మన మాంసం కూరకు ప్రాణం పోసే ఆ గింజలు దుబాయ్‌లో, సింగపూర్‌లో నిషేధం. పెట్టెలో దొరికితే జరిమానాతో పోయేది కాదు, కేసే అవుతుంది. ఈ మాట విన్నప్పటి నుంచి ఎదురింటామె కోడలి కోసం దంచిన రెండు కిలోల మసాలా పక్కన పెట్టి, మళ్ళీ ధనియాలు వేయించడం మొదలుపెట్టింది. పాతది పెండ్లి భోజనాలకు అడుగుతున్నారు, ధర ఇంకా తేలలేదు.