టెంపీస్కే: అగ్నిపర్వతం నుంచి మడ అడవి దాకా

టెంపీస్కే నది పొడవు 144 కిలోమీటర్లు. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశానికి వాయవ్య మూలన ఉన్న గ్వానకాస్తే ప్రావిన్సులో, ఓరోసీ అగ్నిపర్వతం వాలు మీద పుడుతుంది. అక్కడి నుంచి పసిఫిక్ తీరం ఎంతో దూరం లేదు. అయినా నది నేరుగా అటు పోదు. దక్షిణానికి తిరిగి, నికోయా ద్వీపకల్పపు కొండల వెనకగా మైదానమంతా చుట్టి, చివరికి నికోయా గల్ఫ్‌లో కలుస్తుంది. గ్వానకాస్తే అనగానే పర్యాటకులకు తోచేవి బీచ్‌లు, అగ్నిపర్వతాలు. ఆ ప్రావిన్సు చరిత్రా, సేద్యమూ, నీళ్ల తగాదాలూ మాత్రం ఈ రెండింటి నడుమ నది పారే నేల మీదే ఉన్నాయి.

పసిఫిక్ అడుగున కోకోస్ ఫలకం కరీబియన్ ఫలకం కిందికి దూరుతూ ఉంటుంది. ఓరోసీ, రింకోన్ దె లా వియేహా, మిరవాయెస్, తెనోరియో అగ్నిపర్వతాలు వరుసగా లేవడానికి కారణం అదే. 2012 సెప్టెంబరు 5న నికోయాను కుదిపిన 7.6 తీవ్రత భూకంపానికీ అదే కారణం. ఓరోసీ ఇప్పుడు నిద్రలో ఉంది. 1,916 మీటర్ల రింకోన్ మాత్రం మెలకువగానే ఉంది. దాని శిఖరం మీది ఆమ్ల సరస్సులోంచి ఆవిరి, బురద అప్పుడప్పుడు ఎగజిమ్ముతుంటాయి. ఆ వేడి బురద ఎక్కువగా ఉత్తరపు వాగుల్లోకి జారుతుంది. సందర్శకులు వెళ్లేది దక్షిణ వైపున, బురద గుంటలు కుతకుత ఉడికే లాస్ పైలాస్‌కు. భూగర్భంలోని ఈ వేడితో కరెంటు తీయడం మిరవాయెస్ దగ్గర 1994లోనే మొదలైంది.

ఈ కొండల వరుస వానను కూడా పంచుతుంది. కరీబియన్ వైపు నుంచి వచ్చే ఈశాన్య పవనాలు తేమనంతా అవతలి వాలు మీదే దించేసి, పొడిగాలులై ఇటు దిగుతాయి. అందుకే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ చుక్క రాలదు. చెట్లు ఆకు రాల్చేస్తాయి. ఈ పొడి అడవిని పశువుల మేత కోసం నరికి, ఆఫ్రికా నుంచి తెచ్చిన హరాగువా గడ్డి వేశారు. వాన లేని ఆ నెలల్లో గడ్డి అంటుకుంటే మొలకెత్తిన మొక్క కూడా మిగలదు. అమెరికన్ జీవశాస్త్రవేత్త డేనియల్ జాంజెన్, ఆయన సహచరులు మంటల్ని ఆపి, అడవిని తిరిగి రానిచ్చారు. 1990లలో ఓ నారింజ రసం కంపెనీ నుంచి 12,000 టన్నుల తొక్కలూ పిప్పీ తెప్పించి మూడు హెక్టార్ల బీడులో పోయించారు. చెత్త పోస్తున్నారంటూ పోటీ కంపెనీ కోర్టుకెక్కడంతో పని ఆగింది. పదహారేళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే అక్కడ గడ్డి లేదు, దట్టమైన అడవి ఉంది. ఈ అడవులున్న గ్వానకాస్తే సంరక్షణ ప్రాంతానికి 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

కొండ దిగాక నేల తెల్లబడుతుంది. పాత విస్ఫోటాలు పరిచిపోయిన లేతరంగు టఫ్ రాయి అది. ఈ నేల మీదే ప్రావిన్సు ముఖ్యపట్టణం లిబేరియా వెలిసింది. ఆ రాతిపొడి పరిచిన వీధుల వల్ల, సున్నపు గోడల వల్ల దానికి శ్వేత నగరమని పేరొచ్చింది. ఇక్కడి పాత మట్టి ఇళ్లలో చూడదగినది మూల ఇల్లు. వీధి మలుపులో రెండు గోడలకూ చెరో తలుపు ఉంటుంది, ఒకటి పొద్దుటి ఎండకు, రెండోది సాయంత్రపు ఎండకు. ఇవి ఇప్పుడు కొన్నే మిగిలాయి. 1824లో నికోయా ప్రాంతం కోస్టారికాలో చేరిన జులై 25ను ఊరంతా పండగ చేసుకుంటుంది.

లిబేరియా విమానాశ్రయంలో దిగి బీచ్‌లకు వెళ్లేవారు గార్డియా దగ్గర టెంపీస్కేను దాటుతారు. చాలామందికి నది కనబడేది ఆ నిమిషమే. అవతల కోకో, ఫ్లమింగో, తామరిందో బీచ్‌లు, గవ్వల పొడే ఇసుకైన కొంచాల్ ఉన్నాయి. దక్షిణాన ఒస్తియొనాల్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. శ్రీకాకుళం, కాకినాడ తీరాలకు వచ్చేదీ ఈ జాతే. బీచ్‌లకు లోటు లేదు, లోటంతా మంచినీళ్లకే. 2008లో సర్దినాల్ గ్రామం కింది భూగర్భ జలాన్ని కోకో వైపు హోటళ్లకు, విల్లాలకు పైపుల్లో తరలించబోతే ఊరివాళ్లు రోడ్డెక్కారు. పర్యాటకుల రద్దీ కూడా వాన లేని ఆ నెలల్లోనే కాబట్టి ఈ తగాదా తేలికగా తీరేది కాదు.

గార్డియా దిగువన ఫిలడెల్ఫియా చుట్టూ చెరకు తోటలు, పశువుల దొడ్లు. వానాకాలంలో నది గట్టు దాటి ఊళ్లోకి రావడం ఇక్కడ కొత్త కాదు. పొలాల కంచెలు చాలావరకు ప్రాణమున్న గ్లిరిసిడియా కొమ్మలే. తెలుగు రైతు పచ్చిరొట్ట ఎరువుగా గట్ల మీద పెంచే గ్లిరిసిడియాకు పుట్టిల్లు ఈ మధ్య అమెరికాయే. మన రోడ్ల పక్కన నీడనిచ్చే నిద్రగన్నేరు కూడా ఈ అడవుల చెట్టే. ప్రావిన్సుతో పేరు పంచుకున్న గ్వానకాస్తే వృక్షం దానికి దగ్గరి చుట్టం. చెవి ఆకారంలో ఉండే దాని కాయల్ని గుర్రాలు తిని విత్తనాలు వెదజల్లుతాయి. ఒకప్పుడు ఈ పని చేసినవి అంతరించిన ఏనుగుజాతి జంతువులని జాంజెన్, పాల్ మార్టిన్ 1982లో వాదించారు.

నది మందగించాక పాలో వెర్దె చిత్తడి వస్తుంది. 1991 నుంచి ఇది చిత్తడి నేలల రక్షణకు ఉద్దేశించిన రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన స్థలం. ఇదివరకు పశువుల ఎస్టేటు. పార్కు చేసి పశువుల్ని తోలేశాక, మేసే జీవాలు లేక జమ్ము విపరీతంగా పెరిగి నీటిని కప్పేసింది, పక్షులు తగ్గిపోయాయి. మందులు వాడలేదు, ఇనుప చక్రాలు తగిలించిన ట్రాక్టర్లను నీళ్లలో తిప్పి జమ్మును తొక్కించారు. వరి మడిలో దమ్ము చేయడమంటే ఇదే. పశువుల్నీ మళ్లీ కొంత మేపారు. ప్రకృతిని దాని మానాన వదిలేయడమే రక్షణ అనుకునేవారికి ఇది మింగుడుపడని పాఠం. తెరిపి దొరికిన నీటిలోకి బాతులు, కొంగలు, వాటిలో పెద్దవైన జాబిరూలు తిరిగొచ్చాయి. గుంటలు ఎండుతూ వచ్చే జనవరి–మార్చి నెలల్లో ఇవి ఒకేచోట గుమికూడతాయి. పడవెక్కి వెళ్తే ఒడ్డున ఎండ కాగే మొసళ్లు కూడా కనిపిస్తాయి.

ఇక్కడి నుంచి సముద్రపు పోటు నదిని వెనక్కి నెడుతుంది, గట్లు మడ చెట్లతో నిండిపోతాయి. బెబెదేరో నది వచ్చి కలుస్తుంది. సహజంగా కరీబియన్ వైపు పోవలసిన అరెనాల్ జలాశయపు నీటిని జలవిద్యుత్ కేంద్రాల మీదుగా ఇటు మళ్లించి, వరి, చెరకు, పుచ్చ పొలాలకు పారిస్తున్నారు. మిగులు నీరు ఈ నదుల్లోకే చేరుతుంది.

నది గల్ఫ్‌లో కలిసే చోటి దగ్గర, అవతలికి దాటాలంటే ఒకప్పుడు బల్లకట్టే దిక్కు. 2003లో తైవాన్ సాయంతో 780 మీటర్ల వంతెన కట్టి, తైవాన్ స్నేహ వంతెన అని పేరు పెట్టారు. 2007లో కోస్టారికా తైవాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుని చైనాను గుర్తించింది. అప్పటి నుంచి జనం దాన్ని వెటకారంగా వెన్నుపోటు వంతెన అంటున్నారు.