బజ్జీలు లేని సూపర్ బౌల్

ఫిబ్రవరి రెండో ఆదివారం దగ్గరపడుతోందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావిడి. సూపర్ బౌల్ ఎవరింట్లో, ఎవరు ఏం తెస్తున్నారు, ఎవరింటి టీవీ పెద్దది అని. అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ పార్టీ ఎలా జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. మగవాళ్ళు బేస్‌మెంట్‌లో టీవీ ముందు, పిల్లలు పై గదుల్లో, ఆడవాళ్ళం వంటింట్లో. కింద నుంచి ఒక్కసారిగా అరుపులు వినిపిస్తే, చేతిలో చిల్లుల గరిటెతోనే "ఏమైందట?" అని ఒకరినొకరం అడుగుతాం. ఎవరో ఒకరు మెట్లదాకా వెళ్ళి తొంగిచూసి వస్తారు. అప్పటికి రీప్లే కూడా అయిపోతుంది.

మేము ఫిలడెల్ఫియాకి పడమరగా, ఎక్స్‌టన్ దగ్గర ఉంటాం. సీజన్ మొదలైతే చాలు, మా వైపు అందరి ఒంటిమీదా ఈగల్స్ జట్టు ఆకుపచ్చ జెర్సీలే. పలకరింపుకీ, వీడ్కోలుకీ కూడా "గో బర్డ్స్" అంటారు. నేనూ 12 ఏళ్ళుగా అంటూనే ఉన్నాను. ఆట చూడటం మాత్రం ఎప్పుడూ పూర్తిగా కుదర్లేదు.

2024 ఫిబ్రవరిలో స్నేహితులింట్లో పార్టీకి వెళ్ళాం. మా పాపకి అప్పుడు పదేళ్ళు. ఊళ్ళో పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతుంది. అంటే కిందపడేయడాలు ఉండవు, నడుముకి కట్టిన రిబ్బను లాగేస్తే ఆట ఆగుతుంది. ఆ రోజు బేస్‌మెంట్‌లో ముందు వరసలో కూర్చుని చూస్తోంది. మధ్యలో ఎవరో పైనుంచి పిలిచి, "కాస్త ఈ ప్లేట్లు కిందకి తీసుకెళ్ళమ్మా" అన్నారు. రెండుసార్లు తీసుకెళ్ళింది. మూడోసారీ పిలుపు దానికే వచ్చింది. ఇంటికొచ్చాక జడ విప్పుకుంటూ అడిగింది, "అన్నయ్య నా పక్కనే ఉన్నాడుగా, వాణ్ణెందుకు పిలవలేదు?"

పిలిచినవాళ్ళు మంచివాళ్ళే. పాపంటే ముద్దు కూడా. అందుకే ఆ ప్రశ్నకి జవాబు వెతకడం మరీ కష్టమైంది.

మరుసటి ఏడు, 2025లో, మన ఈగల్స్ ఫైనల్‌కి వచ్చింది. పార్టీ మా ఇంట్లో పెడదామన్నాను. "కికాఫ్ అయ్యాక మాత్రం నేను వంటింట్లో ఉండను" అని మావారికి ముందే చెప్పాను. "ఉండకు, ఎవరు ఉండమన్నారు?" అన్నారాయన. ఎవరూ అనరు, నిజమే. వేడివేడిగా వేయాల్సిన పిండి గిన్నెలో కలిపి ఉంటే, ఎవరూ అనకపోయినా మనమే పొయ్యి దగ్గర నిలబడతాం.

కాబట్టి ముందు మెనూ మార్చాను. మనల్ని కదలనివ్వనివి నాలుగే: బజ్జీలు, పునుగులు, దోసెలు, టీ. గడియారం లెక్కన ఈ ఆట 60 నిమిషాలే. ఆగడాలు, ప్రకటనలు, మధ్యలో పాటల కార్యక్రమం కలిపితే సాయంత్రం 6:30కి మొదలై పదింటిదాకా సాగుతుంది. అంతసేపు బాణలి ముందు నిలబడితే ఇంక చూసేదేముంది?

కిలోన్నర బియ్యంతో పొద్దున్నే పులిహోర కలిపేశాను. ఊరేకొద్దీ రుచి, వేడి చేసే పని లేదు. చికెన్ వింగ్స్‌కి ముందురోజు రాత్రే అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. 425 డిగ్రీల ఓవెన్‌లో రెండు ట్రేలు, ముప్పావుగంట. శాకాహారులకి రాజ్మా స్లో కుక్కర్‌లో, వార్మ్ మీద. వండిన పదార్థాలు బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు కదా, ఆ కుక్కర్ ఉంటే బెంగ లేదు. అవకాడోలు మెదిపి పచ్చిమిర్చి, ఉల్లిపాయ, నిమ్మరసం వేసి పచ్చడి చేశాను. నంజుకోవడానికి చెక్కలు, జంతికలు. రెండు పెద్ద ఫ్లాస్కుల నిండా టీ. చెత్త సంచులు, పేపర్ ప్లేట్లు, హాఫ్‌టైమ్‌లో బల్ల తుడవడం మావారికీ అబ్బాయికీ.

మా అత్తయ్య అప్పుడు మా దగ్గరే ఉన్నారు. ఆవిడది తెనాలి దగ్గర పల్లెటూరు. అన్నీ బల్ల మీద పెట్టేస్తామంటే ఆవిడకి నచ్చలేదు. "ఇంటికొచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు వడ్డించుకోవడమేమిటమ్మాయ్? అడిగి పెట్టకపోతే తిన్నట్టుంటుందా?" అన్నారు. ఆ మాటని నేను తీసిపారేయలేను. కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి అడిగి పెట్టినవాళ్ళని ఇప్పటికీ తలుచుకుంటాను. చివరికి, కికాఫ్‌కి ముందు మొదటి వాయి పులిహోర ఆవిడ చేత్తో అందరికీ వడ్డించేలా ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఎవరిది వాళ్ళు.

ఆట తెలియకుండా మూడు గంటలు కూర్చోవడం శిక్షే. అందుకని ఆరింటికే పాప మా ఆడవాళ్ళందరినీ డైనింగ్ టేబుల్ దగ్గర చేర్చి, చెక్కల్ని ఆటగాళ్ళుగా పేర్చి పాఠం చెప్పింది. నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు అవకాశాలు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. చివరిగీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. కర్రల మధ్యనుంచి తన్నితే 3. ఇది తెలిస్తే సగం ఆట తెలిసినట్టే.

అత్తయ్యకి 'గజాలు' అనగానే ఆసక్తి కలిగింది. "పది గజాల కోసం ఇంతమంది కలబడుతున్నారా? మనూళ్ళో గట్టు తగాదాలా ఉందే!" అన్నారు. మొదటి క్వార్టర్‌లో ఈగల్స్ చివరిగీతకి ఒక్క గజం దూరంలో నిలిచింది. జేలెన్ హర్ట్స్ బంతి పట్టుకుంటే వెనకవాళ్ళందరూ కలిసి ఆయన్ని గీత దాటించేశారు. "చెడుగుడులో పట్టుబడ్డవాణ్ణి ఇలా వెనకనుంచి తోసేవాళ్ళుంటే ఎంత బాగుండేదో" అని ఆవిడ అంటే గది మొత్తం నవ్వింది.

హాఫ్‌టైమ్‌కి కాస్త ముందు ఒకాయన అలవాటు ప్రకారం, "అమ్మా, కొంచెం వేడిగా టీ ఏమైనా..." అన్నారు. అత్తయ్య లేవబోయారు. సరిగ్గా అప్పుడు మావారు, "ఫ్లాస్కులో ఉంది అన్నా, నాకూ ఒక కప్పు పోసుకురా" అన్నారు. ఆయన లేచి వెళ్ళి, అడిగినవాళ్ళందరికీ తెచ్చిచ్చారు. ఎవరి మర్యాదా తగ్గలేదు.

ఎదురింటి అమెరికన్ పెద్దావిడని కూడా పిలిచాను. ఒక్కతే ఉంటుంది. సాఫ్ట్ ప్రెట్జెల్స్ తెచ్చింది. ఇన్నేళ్ళలో మా మధ్య మంచు గురించీ చెత్తబండి గురించీ తప్ప మాటల్లేవు. ఆ సాయంత్రం సోఫాలో నా పక్కన కూర్చుని చెప్పింది: 1960లో ఈగల్స్ ఛాంపియన్ అయినప్పుడు తను చిన్నపిల్లనట. 2018లో మొదటి సూపర్ బౌల్ గెలిచేదాకా మళ్ళీ ఆ సంబరం లేదు. మధ్యలో 57 ఏళ్ళు. "ఆ గెలుపు చూడకుండానే మా నాన్న పోయాడు" అంది. పొయ్యి దగ్గరే ఉండుంటే ఈ మాట నా చెవిన పడేదా?

రెండో క్వార్టర్‌లో కూపర్ డిజీన్ అవతలివాళ్ళ బంతి అందుకుని 38 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు అతని 22వ పుట్టినరోజు. పాప నా మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా అరిచింది. దాంతోపాటు నేనూ అరిచాను. రీప్లే కూడా తీరిగ్గా చూశాను. హాఫ్‌టైమ్‌కి 24-0, చివరికి 40-22. గెలిచాం!

ఆ మర్నాడు ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, "వేడివేడిగా ఏదైనా ఉంటే ఇంకా బాగుండేది" అంది. నిజమే, ఉంటే బాగుండేది. ఆ మాట తర్వాత మాత్రం మేమిద్దరం అరగంటసేపు ఆట గురించే మాట్లాడుకున్నాం. పదేళ్ళ పరిచయంలో అది మొదటిసారి.

మీ ఇంట్లో సూపర్ బౌల్ కావచ్చు, తెల్లవారుజామున క్రికెట్ ఫైనల్ కావచ్చు. పిలిచేముందు ఒక్కటి చూసుకోండి: మీకంటూ సోఫాలో ఒక చోటు ఉందా? పొయ్యి మీద వేయాల్సినవి ఆట మొదలయ్యేలోపు దించేయగలిగితే ఆ చోటు దానంతటదే దొరుకుతుంది. మగపిల్లలకి ప్లేట్లు తీసే పని ముందే అప్పజెప్పండి.

2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ మొదటిసారిగా వస్తోంది, ఆడవాళ్ళ పోటీ కూడా ఉంది. మా పాప ఇప్పటినుంచే రోజులు లెక్కపెడుతోంది. ఆ వాచ్ పార్టీకి వంటలన్నీ తనే రాసిస్తానంది. జాబితాలో మొదటిది పులిహోర. వడ్డన అన్నయ్యదట.